ఇంట్లో జనాన్ని రెండు ముక్కలు చేసే నాయకుడు ఉంటే బయట ఆ దేశం మాట చెల్లుతుందా?

రొయ్యల_రైతు_గంజాం
అందరికీ నమస్కారం. మాది గంజాం జిల్లా, సముద్రం వార వనామీ రొయ్యల చెరువులు. ఎప్పుడూ ఫీడు రేట్లు, వైట్ స్పాట్ రోగం గురించే రాస్తాను గానీ ఈసారి డౌటు వేరే. 2025 ఆగస్టు ఆఖర్న పట్టుబడికి బేరగాడు వచ్చాడు, ఎప్పట్లాగే గట్టు మీద నిలబడి వల వేయించి కిలో తూచి లెక్కపెట్టాడు, 40 కౌంటు సరుకు, అంటే కిలోకి 40 రొయ్యలు, ఏ రోగమూ లేదు, గుల్ల కూడా గట్టిగా ఉంది. లెక్కపెట్టడం అయ్యాక రేటు చెప్పకుండా ఫోను తీసి పక్కకెళ్ళి ప్లాంటు వాళ్ళతో మాట్లాడి వచ్చి, ముందు వారం చెప్పిన రేటు లేదండి, అమెరికావోడు 50 శాతం పన్ను వేసేశాడు, పెద్ద సైజు రొయ్య ఎవరూ ముట్టుకోవట్లేదు అన్నాడు. చెరువులో ఉంచితే రోజూ ఫీడు, కరెంటు, ఏరేటర్లకి డీజిలు, పైన రోగం భయం. తీసేస్తే నష్టం. తీసేశాను, ఏం చేస్తాం.

వ్యాపారంలో ఎత్తుపల్లాలు ఉంటాయి, దాని గురించి కాదు నేను అడిగేది. టీ బడ్డీ దగ్గర రోజూ రెండు మాటలు వింటన్నాను. ఒకటేటంటే ఈ ట్రంప్ వల్ల అమెరికా పరువు మొత్తం పోయింది, ఇంక వాళ్ళని ఎవరూ నమ్మరు అని. రెండోది, బలం ఉన్నోడికి పరువుతో పనేటి, సొంత దేశంలో సగం మంది తిట్టుకున్నా బయట అందరూ వంగుతారు అని. ఏది నిజం? సొంత జనాన్నే ఇటు సగం అటు సగం చేసిన నాయకుడు ఉంటే బయట దేశాల దగ్గర నిజంగా ఏం మారుతుంది, ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుంది, ఆయన దిగిపోతే మళ్ళీ మామూలైపోతుందా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

పర్లాకిమిడి_కుర్రోడు
అన్నా, నీ నష్టానికి బాధగా ఉంది. కానీ నన్నడిగితే రెండో మాటే రైటు. సౌదీని చూడు. 2018 అక్టోబర్లో ఇస్తాంబుల్లో సౌదీ కాన్సులేటు లోపల జర్నలిస్టు ఖషోగ్గీని చంపేశారు, ప్రపంచం అంతా గొడవ, బైడెన్ ఎన్నికలప్పుడు సౌదీని వెలివేస్తానన్నంత మాట అన్నాడు, 2022 జులైలో చమురు రేటు మండేసరికి ఆయనే జెడ్డా వెళ్ళి యువరాజుతో పిడికిలి కలిపాడు. మన దగ్గరే చూడు, 2005లో గుజరాత్ ముఖ్యమంత్రికి అమెరికా వీసా ఇవ్వలేదు, 2014లో ఆయనే ప్రధాని అయ్యాక అదే అమెరికాలో మాడిసన్ స్క్వేర్ గార్డెన్లో సభ పెట్టారు, ఒబామా వైట్ హౌస్‌కి పిలిచి విందు ఇచ్చాడు. అవసరం ఉన్న చోట పరువు లెక్క ఎవడూ చూడడు. దేశాలు ప్రయోజనం చూసుకుంటాయి, నాయకుడు మంచోడా చెడ్డోడా, ఊళ్ళో ఎంతమంది ఆయన్ని తిడతన్నారు అన్నది టీవీల వాళ్ళ గోల అని నా అభిప్రాయం.

గుణుపూర్_ఇంజనీరింగ్
టీవీల గోల అంటే ఒప్పుకోను అన్నా, దీనికి లెక్కలున్నాయి. ప్యూ రీసెర్చ్ అని అమెరికా సంస్థ, ఏటా దేశదేశాల్లో జనాన్ని అడుగుతుంది. ఒబామా ఆఖరి రోజుల్లో, అమెరికా అధ్యక్షుడు ప్రపంచ విషయాల్లో సరైన పని చేస్తాడని నమ్మినవాళ్ళు సగటు దేశంలో 64 శాతం, 2017లో ట్రంప్ వచ్చిన కొన్ని నెలలకే 37 దేశాల్లో అడిగితే 22 శాతం. ఆ దేశం మీద మంచి అభిప్రాయం కూడా 64 నుంచి 49కి పడింది. 2020లో 13 దేశాల్లో అడిగితే ఆయన మీద నమ్మకం 16 శాతం. ఇంత తేడా కొన్ని నెలల్లో రావడం చిన్న విషయం కాదు, ఎందుకంటే మనిషి మారాడు తప్ప దేశం అదే, సైన్యం అదే, డాలరూ అదే.

ఇంకో సంగతి, అందరూ ఒకేలా చూడలేదు. 2017లోనే రష్యాలో, ఇజ్రాయెల్లో ఒబామా కంటే ట్రంప్‌కే మార్కులు ఎక్కువ. 2025 సర్వేలో నైజీరియాలో ఆయన మీద బాగా నమ్మకం కనబడింది. కాబట్టి అన్ని చోట్లా ఒకేసారి పడిపోయింది అని కూడా అనలేం.

రాయగడ_టీచరమ్మ
లెక్కలు సరే బాబూ, అది ఇంట్లోకి వస్తే ఎలాగుంటుందో నేను చెప్తాను. మా పెద్దోడు డల్లాస్‌లో ఉద్యోగం, దసరాకి వస్తానని ముందే టికెట్టు తీసేసుకున్నాడు, ఇంట్లో అప్పటికే అరిసెల పిండి గురించి మాటలు నడుస్తన్నాయి. 2025 సెప్టెంబర్ 19న వాళ్ళ అధ్యక్షుడు హెచ్1బీ ఉద్యోగ వీసాకి లక్ష డాలర్లు అని సంతకం పెట్టాడు. మనకి తెల్లారేసరికి వాడి ఫోన్లు, అమ్మా ఆఫీసు వాళ్ళు దేశం దాటొద్దంటున్నారు, బయట ఉన్నవాళ్ళని ఆదివారం లోపు వచ్చేయమంటున్నారు అని. వాడి స్నేహితుడొకడు విమానం ఎక్కి కూర్చున్నాక దిగిపోయాడట. మర్నాడు వైట్ హౌస్ వాళ్ళు, ఇది కొత్తగా అప్లై చేసేవాళ్ళకే, పాతవాళ్ళకి కాదు అన్నారు. మరి ఆ మాట ముందు రోజే కాగితం మీద రాయొచ్చు కదా. మావాడు టికెట్టు రద్దు చేసుకున్నాడు, మళ్ళీ రేపు ఇంకేం అంటారో అని.

నాకు రాజకీయం అంతగా తెలీదు. మా చిన్నతనంలో అమెరికా కాగితం అంటే మా నాన్నగారికి ఎంత గురి అంటే, వాళ్ళు రాసింది రాసినట్టు జరుగుతుంది అనేవారు. ఇప్పుడు మావాడే, అమ్మా ఈ దేశంలో ఇవాళ ఉన్న రూలు రేపు ఉంటుందని ఎవరూ ఇల్లు కొనట్లేదు అంటున్నాడు. ఇది పరువు పోవడం కాక ఇంకేంటి?

పర్లాకిమిడి_కుర్రోడు
అమ్మగారూ మీ బాధ నిజం, కాదనను. కానీ మీవాడు వెనక్కి వచ్చేశాడా? రాలేదు కదా. అదే నేనంటున్నది. తిడుతూనే అక్కడే ఉంటాం.

గుణుపూర్ తమ్ముడూ, నువ్వు సగం లెక్కే చెప్పావు. బైడెన్ రాగానే 2021లో అదే ప్యూ 12 దేశాల్లో అడిగితే 75 శాతం నమ్మకం అన్నారు, దేశం మీద మంచి అభిప్రాయం 34 నుంచి 62కి ఎగిరింది. మనిషి పోతే మచ్చ కూడా పోయింది. ఇంకేటి నష్టం?

గుణుపూర్_ఇంజనీరింగ్
అదే సర్వేలో ఇంకో ప్రశ్న అడిగారు అన్నా, అది అసలైన ప్రశ్న. అమెరికాని భాగస్వామిగా ఎంత నమ్మొచ్చు అని. ఎక్కువమంది కొంతవరకు నమ్మొచ్చు అన్నారు. పూర్తిగా నమ్మొచ్చు అన్నవాళ్ళు సుమారు పదిమందిలో ఒక్కరు. అంటే కొత్త మనిషి నచ్చాడు, కానీ నాలుగేళ్ళ తరవాత మళ్ళీ ఎవరొస్తారో అన్న భయం పోలేదు. వాళ్ళ భయం నిజమే అయింది కదా.

జయపురం_మాస్టారు
ఇష్టం, నమ్మకం వేరువేరని తమ్ముడు బాగా పట్టుకున్నాడు. కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి, కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

నాయకుడి నోరు మంచిది కాకపోతే బయట పరువు పోతుంది అనుకుంటాం. అది పైపైన. 2018 సెప్టెంబర్లో ఐక్యరాజ్యసమితిలో ట్రంప్ మా ప్రభుత్వం చేసినంత ఎవరూ చేయలేదు అనగానే హాల్లో ప్రతినిధులు నవ్వారు, అది అందరికీ గుర్తుంది. నవ్వు మర్నాటికి పోతుంది. పోనిది ఏంటంటే, దేశం నిట్టనిలువునా చీలిపోతే ఆ దేశం ఇచ్చే మాట వయసు తగ్గిపోతుంది. ఎలాగంటారా, అమెరికా రాజ్యాంగం ప్రకారం విదేశాలతో ఒప్పందానికి హాజరైన సెనేటర్లలో మూడింట రెండొంతులు ఒప్పుకోవాలి, 100 మందీ ఉంటే 67. దేశంలో రెండు పార్టీల జనం ఒకర్ని ఒకరు శత్రువుల్లా చూసుకునే రోజుల్లో 67 ఎక్కడినుంచి వస్తారు? అందుకని అధ్యక్షులు సెనేటు జోలికి పోకుండా తమ సంతకంతోనే పెద్ద పెద్ద ఒప్పందాలు నడిపించేస్తున్నారు. సంతకంతో వచ్చింది ఇంకో సంతకంతో పోతుంది.

ఇరాన్ అణు ఒప్పందం తీసుకోండి. 2015 జులైలో అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, రష్యా, చైనా అంతా కూర్చుని ఏళ్ళ తరబడి బేరమాడి చేసిన ఒప్పందం. ఇరాన్ తన మాట తప్పిందని తనిఖీ చేసేవాళ్ళు అనలేదు. 2018 మే 8న ట్రంప్ బయటికొచ్చేశాడు. దానివల్ల మనకేంటంటే, అప్పటిదాకా ఇరాన్ మనకి పెద్ద చమురు సరఫరాదారు, రవాణా దగ్గర, అప్పు గడువు కూడా బాగా ఇచ్చేవాళ్ళు. 2019 మేలో అమెరికా మనకిచ్చిన ఆంక్షల మినహాయింపు ఎత్తేసింది, మనం కొనడం ఆపేశాం. వాళ్ళ ఇంట్లో జరిగిన ఎన్నికకి మనం చమురు దుకాణం మార్చుకోవాల్సొచ్చింది. తరవాత చౌకగా దొరికిన రష్యా చమురు కొంటే, అదిగో అందుకే అదనంగా 25 అన్నారు. మన రైతు చెప్పిన 50 శాతంలో సగం అదే.

పారిస్ వాతావరణ ఒప్పందం ఇంకా స్పష్టం. 2016లో చేరారు, 2020 నవంబర్లో బయటికి, 2021 ఫిబ్రవరిలో మళ్ళీ లోపలికి, 2025 జనవరి 20న ప్రమాణస్వీకారం రోజే మళ్ళీ బయటికి కాగితం. ఎదుటివాడు ఏం చేయాలి? ఇరవై ఏళ్ళ పెట్టుబడి పెట్టే కంపెనీ, ముప్ఫై ఏళ్ళ రక్షణ ప్రణాళిక వేసుకునే దేశం, నాలుగేళ్ళకోసారి తిరగబడే మాట మీద ఏం కట్టుకుంటుంది?

కాబట్టి మన కుర్రోడు అన్నట్టు బలం ఉన్నవాడికి అందరూ వంగుతారన్నది ఇవాళ్టికి నిజం. కానీ వంగుతూనే పక్కదారి వెతుక్కుంటారు.

కోరాపుట్_కాఫీ
మాస్టారు ఆఖరి లైను చదవగానే మా కొటియా ఊళ్ళు గుర్తొచ్చాయి. మా జిల్లా సరిహద్దులో 21 ఊళ్ళు, మావని ఒడిశా, మావని ఆంధ్రా, 1968లో సుప్రీంకోర్టుకి వెళ్ళింది, 2006లో కోర్టు మీరే తేల్చుకోండి అన్నట్టు పక్కన పెట్టేసింది, ఇప్పటికీ తేలలేదు. అక్కడి కుటుంబాల దగ్గర రెండు రాష్ట్రాల కార్డులూ ఉంటాయి. ఏ ఆఫీసరు వచ్చి ఎంత నమ్మకంగా చెప్పినా ఒక కార్డు పారేయమంటే ఎవరూ పారేయరు, ఎందుకు పారేస్తారు, రేపు ఈయన బదిలీ అయిపోతే? వాళ్ళు మోసం చేస్తున్నారని కాదు, ఎవరి మాటా నిలబడదని చూసి చూసి నేర్చుకున్నారు. ఇప్పుడు దేశాలు చేస్తున్నది అదే. మన ప్రధాని ఏడేళ్ళ తరవాత 2025 ఆగస్టు 30న చైనా తియాంజిన్ వెళ్ళింది అందుకే కదా, అదే ఏడాది జులై 24న బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందం సంతకం పెట్టింది కూడా. ఇంకో కార్డు దగ్గర పెట్టుకోవడం.

పర్లాకిమిడి_కుర్రోడు
కొటియా పోలిక బావుంది, ఒప్పుకుంటాను. కానీ మాస్టారూ, మీరు అమెరికా గురించే చెప్తన్నారు. బలం లేని దేశంలో ఇలాంటి నాయకుడు ఉంటే? అప్పుడు మాట వయసు ఎవరు చూస్తారు?

జయపురం_మాస్టారు
అక్కడ దెబ్బ తొందరగా, నేరుగా తగులుతుంది. పక్కనున్న శ్రీలంక చూడండి. 2009లో యుద్ధం ముగిసింది, అధ్యక్షుడు రాజపక్స సింహళ జనానికి దేవుడితో సమానం, తమిళులకి మాత్రం గాయం. బయట యూరోపియన్ యూనియన్ మానవహక్కుల పేరుతో 2010 ఆగస్టులో జీఎస్పీ ప్లస్ అనే పన్ను రాయితీ తీసేసింది. దెబ్బ ఎవరికి? కొలంబో చుట్టుపక్కల గార్మెంటు ఫ్యాక్టరీల్లో కుట్టుమిషన్ల మీద కూర్చునే ఆడపిల్లలకి. 2013లో కొలంబోలో కామన్వెల్త్ సమావేశం పెడితే కెనడా ప్రధాని రాలేదు, మన మన్మోహన్ సింగ్ రాలేదు. 2015 జనవరిలో రాజపక్స ఓడిపోయాడు. రాయితీ తిరిగొచ్చింది 2017 మేలో. నాయకుడు దిగిపోయాక కూడా రెండేళ్ళు దాటింది. మొదట్లో మన రైతు అడిగారే, దిగిపోతే మామూలైపోతుందా అని, దానికి ఇది ఒక జవాబు.

ఇంకో రకం జవాబు బ్రెజిల్. అధ్యక్షుడు బోల్సొనారో రోజుల్లో 2019లో అమెజాన్ అడవి తగలబడుతుంటే నార్వే, జర్మనీ అమెజాన్ ఫండుకి డబ్బు ఆపేశాయి. 2023 జనవరిలో లూలా రాగానే ఫండు మళ్ళీ నడిచింది, 2025 నవంబర్లో ప్రపంచ వాతావరణ సమావేశం అమెజాన్ ముఖద్వారం బెలెంలోనే పెట్టుకున్నారు. అక్కడ తొందరగా కోలుకుంది. ఎందుకంటే లూలా 2003 నుంచి 2010 దాకా పాలించినవాడే, ప్రపంచానికి కొత్త కాదు. పాత పరిచయం పనికొచ్చింది.

కువైట్_చికిటి
నమస్తే అందరికీ. మాది చికిటి దగ్గర, కువైట్లో వెల్డింగు పని. మా ఏరియా కుర్రాళ్ళు, ఇచ్ఛాపురం, కవిటి వైపు వాళ్ళు బోలెడుమంది ఉన్నారిక్కడ. నాయకుడు అంటే ప్రధాని, అధ్యక్షుడే కానక్కర్లేదు. 2022 మే ఆఖర్న మన దగ్గర ఒక పార్టీ అధికార ప్రతినిధి టీవీ చర్చలో ప్రవక్త గురించి ఒక మాట అన్నారు. మన దేశంలో అది మామూలు టీవీ గొడవ, రోజూ ఉండేదే. ఇక్కడ అలా కాదు. జూన్ 5న కువైట్, ఖతర్, ఇరాన్ మన రాయబారుల్ని పిలిచి అడిగాయి, ఒక సూపర్ మార్కెట్లో మన దేశం బియ్యం బస్తాలకి, మసాలాలకి ప్లాస్టిక్ కప్పేసి తీసేశాం అని బోర్డు పెట్టారు. జూన్ 5నే పార్టీ ఆవిణ్ణి సస్పెండు చేసింది.

మా క్యాంపులో ఒకే రూములో ఒడియా, తెలుగు, కేరళ ముస్లిం, బెంగాలీ అందరం ఉంటాం. నాలుగు రోజులు భోజనం దగ్గర ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు. మా ఈజిప్టు ఫోర్‌మేన్ మంచోడే, మీ దేశంలో మీరూ మీరూ ఇలాగే అనుకుంటారా అని అడిగాడు. ఏం చెప్తాను, మా ఊళ్ళో పీర్ల పండగకి అందరం వెళ్తాం అని చెప్పాను. ఇంట్లో ఓట్ల కోసం అన్న మాటకి బయట మేం జవాబు చెప్పుకోవాలి. అక్కడ కూర్చుని అనేవాళ్ళకి అది తెలీదు.

2025 మేలో ఆపరేషన్ సిందూర్ తరవాత అన్ని పార్టీల ఎంపీలని దేశదేశాలకీ పంపారు కదా, కువైట్ వచ్చిన టీముకి మన ఒడిశా ఎంపీ బైజయంత్ పండా లీడరు, అందులో హైదరాబాదు ఎంపీ ఒవైసీ ఉన్నాడు. ఇంట్లో ఈ ఇద్దరి పార్టీలూ ఎలాగ తిట్టుకుంటాయో అందరికీ తెలుసు. ఇక్కడ ఇద్దరూ ఒకే బల్ల మీద ఒకే మాట చెప్పారు. మా రూములో అందరం ఫోన్లో చూశాం. ఆ రోజు మాకు చాలా బలం అనిపించింది, నిజంగా.

అడ్మిన్_సరిహద్దు_తెలుగు
చర్చ బాగా నడుస్తోంది. మన దేశం పార్టీల మీదకి వెళ్తే ఒక పార్టీనే తిట్టే పోస్టులు వద్దు, ఇందాక వచ్చిన రెండు తీసేశాను. జరిగింది జరిగినట్టు రాస్తే ఎవరికీ అభ్యంతరం లేదు.

సిల్క్_సిటీ_బరంపురం
కువైట్ తమ్ముడు చెప్పినదానికి పెద్దన్న లాంటి సంఘటన ఒకటుంది, మన బరంపురం వాళ్ళకి అది దగ్గర విషయం కూడా. 1994 మొదట్లో జెనీవాలో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కమిషన్లో కాశ్మీర్ మీద పాకిస్తాన్ తీర్మానం పెట్టింది. ప్రధాని పీవీ నరసింహారావు మన బృందానికి నాయకుడిగా ఎవరిని పంపారో తెలుసా, ప్రతిపక్ష నాయకుడు వాజ్‌పేయిని. విదేశాంగ సహాయమంత్రి సల్మాన్ ఖుర్షీద్ ఆయన కింద సభ్యుడిగా వెళ్ళారు, ఫరూఖ్ అబ్దుల్లా కూడా ఉన్నారు. మార్చిలో పాకిస్తాన్ ఆ తీర్మానం వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. బయటివాళ్ళకి అక్కడ కనబడింది ఏంటంటే వీళ్ళని లోపలినుంచి విడదీయడం కుదరదు అని. ఆ పీవీయే 1996లో నంద్యాలలోనూ మన బరంపురంలోనూ గెలిచి బరంపురం సీటే ఉంచుకున్నారు. ఆయన సభకి మా నాన్నగారు చేనేత కండువా పట్టుకెళ్ళారని ఇప్పటికీ చెప్తారు.

పర్లాకిమిడి_కుర్రోడు
పీవీ గారంటే నాకూ గౌరవమే. కానీ దానికి ముందు ఏడాదిన్నర లోపే, 1992 డిసెంబర్ 6న ఆయన ప్రధానిగా ఉండగానే బాబ్రీ మసీదు కూలింది. పాకిస్తాన్లో, బంగ్లాదేశ్‌లో గుళ్ళ మీద దాడులు జరిగాయి, అక్కడి హిందువులు మన గొడవకి మూల్యం కట్టారు. ఒక మంచి పనితో అది చెరిగిపోయిందా?

సిల్క్_సిటీ_బరంపురం
చెరిగిపోలేదు తమ్ముడూ, చెరిగిందని నేను అనను. అంత పెద్ద మచ్చ పడ్డాక, ప్రపంచం వేలెత్తి చూపుతున్నప్పుడు, జెనీవాలో మన పరిస్థితి ఎంత బలహీనంగా ఉండేదో ఆలోచించు. అందుకే ఒక్క పార్టీ మనుషులే వెళ్తే సరిపోదని ఆయనకి అర్థమైంది. చీలిక తెచ్చే ఖర్చు ఎంతో, కలిసి నిలబడితే వచ్చే లాభం ఎంతో, రెండూ ఏడాదిన్నరలోనే కనబడ్డాయి.

రొయ్యల_రైతు_గంజాం
అందరికీ థాంక్స్, చాలా నేర్చుకున్నాను. మాస్టారి మాట వయసు సంగతి నాకు నేరుగా తగిలింది. ఎలాగంటే మన రొయ్యకి 50 పడితే ఈక్వడార్‌కి 15. సరుకులో తేడా లేదు, వాళ్ళకి అమెరికా దగ్గర కూడా. ఇప్పుడు రేపు పన్ను తగ్గించారే అనుకో, నేను మళ్ళీ 30, 40 కౌంటు దాకా పెంచుతానా? పెంచడానికి ఇంకో నెల పైన ఫీడు పెట్టాలి, ఆ నెలలో ఆయన ఇంకేదైనా సంతకం పెడితే? మా పక్క చెరువాయన అప్పుడే చెప్పేశాడు, ఇకమీదట 80, 100 దగ్గరే తీసేస్తానని, చైనా, ఇంకెక్కడైనా అమ్ముతారట. లాభం తక్కువైనా నిద్ర పడుతుంది అంటాడు. ఫీడు వ్యాపారి కూడా అరువు తగ్గించేశాడు. అంటే అమెరికావోడు రేపు బుద్ధి తెచ్చుకుని తగ్గించినా ఇక్కడ గట్టు మీద మేం పాత పద్ధతికి వెళ్ళం.

గుణుపూర్_ఇంజనీరింగ్
ఇదే కెనడాలో ఇంకా పెద్దగా జరిగింది. 51వ రాష్ట్రం అయిపోండి అని ట్రంప్ అనేసరికి అక్కడ రాష్ట్రాల ప్రభుత్వ షాపుల్లో అమెరికా విస్కీ తీసేశారు, జనం సెలవులకి అమెరికా వెళ్ళడం తగ్గించేశారు. 2025 మొదట్లో సర్వేల్లో బాగా వెనకబడిన లిబరల్ పార్టీ ఏప్రిల్ 28న మార్క్ కార్నీ నాయకత్వంలో గెలిచింది. అంటే పక్క దేశం నాయకుడి నోరు ఈ దేశం ఎన్నికనే తిప్పేసింది. సొంత దేశంలో తన వాళ్ళని ఏకం చేసుకునే పద్ధతే అటు ఎదుటివాళ్ళని కూడా ఏకం చేసేస్తుంది, తనకి వ్యతిరేకంగా.

రాయగడ_టీచరమ్మ
2025 మే ఆఖర్న స్టూడెంటు వీసా ఇంటర్వ్యూలు కూడా ఆపేశారు కదా, జూన్‌లో మళ్ళీ తెరిచి సోషల్ మీడియా అకౌంట్లు అందరికీ కనబడేలా పెట్టమన్నారు. మా స్కూలు హెడ్‌మాస్టరు గారి అమ్మాయి అమెరికా సీటు వదిలేసి జర్మనీ వెళ్ళింది. ఆ పిల్ల ఇంక అక్కడే చదివి అక్కడే ఉద్యోగం చూసుకుంటుంది. అమెరికా నష్టపోయింది ఒక మంచి కెమిస్ట్రీ బుర్రని.

పర్లాకిమిడి_కుర్రోడు
సరే, నేను కొంత కదిలాను, ఇరాన్, రొయ్యల ఉదాహరణలకి నా దగ్గర జవాబు లేదు. కానీ ఒక్క ప్రశ్న మాస్టారూ, ఇది నన్ను తినేస్తోంది. నాయకుడు వచ్చి దేశాన్ని చీల్చాడా, దేశం ముందే చీలి ఉంటే అలాంటి నాయకుడు వచ్చాడా? రెండోదైతే ఒక మనిషిని తిట్టి లాభం లేదు, ఆయన పోయినా అదే కథ.

జయపురం_మాస్టారు
మంచి ప్రశ్న, సూటిగా చెప్తాను. చీలిక ట్రంప్ కంటే ముందే ఉంది, అయితే ఎప్పుడూ ఇంతలా లేదు. 1997లో క్యోటో వాతావరణ ఒప్పందం మీద క్లింటన్ ప్రభుత్వం మాట్లాడుతుంటేనే, మాకు నష్టమైతే ఒప్పుకోం అని సెనేటు 95-0తో తీర్మానం చేసింది. అప్పుడు కనీసం రెండు పార్టీలూ కలిసి కాదన్నాయి, కాబట్టి బయటివాళ్ళకి అమెరికా ఎక్కడుందో తెలుసు. 2015 మార్చి వచ్చేసరికి చూడండి, ఇరాన్‌తో సొంత ప్రభుత్వం బేరం ఆడుతుండగానే 47 మంది రిపబ్లికన్ సెనేటర్లు ఇరాన్ నాయకులకి బహిరంగ లేఖ రాశారు, ఈ అధ్యక్షుడి సంతకాన్ని తరవాతి అధ్యక్షుడు ఒక్క కలంపోటుతో కొట్టేయగలడు అని. ట్రంప్ అప్పటికి పోటీలో దిగుతున్నానని కూడా ప్రకటించలేదు. మూడేళ్ళకి అక్షరాలా అదే జరిగింది. అంటే చీలికని ఆయన పుట్టించలేదు, దాన్ని ఇంధనం చేసుకున్నాడు, దాంతోనే బండి నడిపాడు, ప్రతి సంతకమూ అవతలి సగాన్ని ఓడించడానికే అన్నట్టు పెట్టాడు. మనిషి తప్పు చిన్నది కాదు. కానీ మనిషితోనే పోదు.

పోతుందా లేదా అని చూడడానికి నేను ఒక గుర్తు పెట్టుకున్నాను. 2010 డిసెంబర్లో రష్యాతో అణ్వాయుధాల ఒప్పందం సెనేటులో 71-26తో గెలిచింది. 2022 ఆగస్టులో ఫిన్లాండ్, స్వీడన్‌లను నాటో సైనిక కూటమిలో చేర్చుకోవడానికి 95-1. అక్కడ చీలిక లేదు, కాబట్టి ఆ మాటకి బలం వచ్చింది. 2023 డిసెంబర్లో అయితే ఏకంగా చట్టం చేశారు, సెనేటులో మూడింట రెండొంతులు గానీ కాంగ్రెస్ చట్టం గానీ లేకుండా ఏ అధ్యక్షుడూ నాటో నుంచి బయటికి రాకూడదని. అది తెచ్చిన ఇద్దరిలో ఒకరు డెమొక్రాట్ టిమ్ కెయిన్, రెండో ఆయన రిపబ్లికన్ మార్కో రూబియో, ఇప్పుడు ట్రంప్ దగ్గర విదేశాంగ మంత్రి ఆయనే. ఆ చట్టాన్ని ఎప్పుడైనా ఒక అధ్యక్షుడు పరీక్షకి పెడితే ఆ రోజు రూబియో ఏ పక్కన నిలబడతాడో చూడాలి. యూరప్ రాజధానులన్నీ అదే చూస్తాయి.